పొల్లు పోని జవాబులు

“కాపీనా?” అన్నాడు ప్రొఫెసర్, కాగితాల మీంచి కళ్ళెత్తకుండా.

“వద్దు సార్, ఇప్పుడే తాగొచ్చాను.”

“తాగే కాఫీ కాదమ్మా, కొట్టే కాపీ!”

పరిశోధకురాలికి తాగొచ్చిన కాఫీ గొంతులోకి తిరిగొచ్చినంత పనైంది.

మదర్సా పిల్లలు తమ బడి వాతావరణం గురించి ఏమనుకుంటున్నారో అడిగే ప్రశ్నావళి ఆమెది. అది నమ్మదగిందో కాదో తేలాలంటే, అదే పిల్లలకు కొన్నాళ్ళ తేడాతో రెండుసార్లు ఇచ్చి జవాబులు పోల్చి చూడాలి. మొదటిసారి ఆ గదిలో చెమటకు కాగితాలు చేతికి అతుక్కుపోయాయి. రెండోసారి ఎగిరిపోతున్న కాగితాల మీద నీళ్ళసీసా పెట్టి మరీ రాయించుకొచ్చింది. ఇంతా చేస్తే ఈయనగారి మెప్పు ఇదీ! గైడుకు గోడు చెప్పుకునే కంటే గోడకు చెప్పుకోవడం నయమనిపించింది.

“మనుషులన్నాక కాస్తయినా మారతారు. ఇక్కడ ఒక్కరి జవాబు ఒక్కటీ మారలేదు! మొదటి కట్ట చూసి రెండోది ఇంట్లో కూర్చుని నింపేశావు.”

“ఒట్టు సార్, పిల్లలే రాశారు!”

“అయితే పద, వాళ్ళనే అడుగుదాం. అబద్ధమని తేలిందా, నీ పరిశోధన ఇవాళ్టితో సరి.”

ఏళ్ళ తరబడి చాకిరీ. ఇంట్లో మొగుడు ‘కాబోయే డాక్టరు’ అనడం మానేసి ‘కాని డాక్టరు’ అని పిలవడం ఎప్పుడో మొదలుపెట్టాడు. ఇక ‘కానేకాని డాక్టరే’ అనుకుంటూ పళ్ళు నూరుకుని బస్సెక్కింది.

బడిలో ఆడపిల్లలు ఉస్తాద్‌కు పాఠం అప్పజెబుతున్నారు. ఒకమ్మాయి ఒక మాట మార్చగానే ఆయన వేలితో బల్ల మీద టక్కున కొట్టాడు. ఆ పిల్ల నాలిక్కరుచుకుని మళ్ళీ మొదటికొచ్చింది.

వచ్చిన పని వినగానే ఉస్తాద్ ఛాతీ విరుచుకున్నాడు. “మా పిల్లలు మాట మార్చరు సార్. అడగండి.”

ప్రొఫెసర్ ముందు వరుసలోని అమ్మాయి కాగితం తీసి, ఆమెకు కనబడకుండా పట్టుకున్నాడు.

“బడికి రావాలంటే భయమేస్తుందా?”

“ఎప్పుడూ వెయ్యదు సార్.”

“తోటిపిల్లలు సాయం చేస్తారా?”

“ఒక్కోసారి.”

“క్లాసులో గాలి ఆడుతుందా?”

“అస్సలు ఆడదు సార్.”

కాగితంలోనూ అక్షరాలా అదే. ఇంకో అమ్మాయి, ఆ పక్కమ్మాయి... అందరిదీ అదే వరస. ప్రొఫెసర్ మొహం చిన్నబోయింది.

“తప్పు నాదేనమ్మా. ఇంత నిలకడైన జవాబులు నా సర్వీసులో చూడలేదు. నీ ప్రశ్నావళి గట్టిపిండం!” అంటూ ఆమోదపత్రం మీద బరబరా సంతకం గీకాడు.

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. చెయ్యి చాచేలోగా ఆ కాగితం కాస్తా గాల్లోకి లేచి గదంతా గిరికీలు కొట్టింది.

ప్రొఫెసర్ తలెత్తాడు. పైన తళతళలాడే కొత్త ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి.

“గాలి అస్సలు ఆడదన్నావు కదమ్మా?”

కాగితం పట్టుకొచ్చి ఇచ్చిన ముందు వరుస అమ్మాయి, ఆయన్ని జాలిగా చూసింది.

“ఫ్యాన్లు తర్వాతొచ్చాయి సార్, కానీ రెండోసారి అడిగితే మొదటిదే అప్పజెప్పాలిగా!”