కాగితం కొలత బూట్లు

ఒడెస్సా అక్కకు,

నా రాత కోడిగీతలు, తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకు. ఇవాళ సంతోషంతో కాలు ఒకచోట నిలవడం లేదు.

మనల్నీ తెల్లవాళ్లతో సమానంగా చూడాలని కొత్త చట్టం వచ్చింది కదా, తెల్లవాళ్ల బూట్ల కొట్టుకు వెళ్లాను. మన నల్లవాళ్లు అక్కడ బూట్లు తొడిగి చూడకూడదని, ఇన్నేళ్లూ కుడి పాదం కొలతకు కాగితం కత్తిరించి ఇచ్చేవాణ్ణి. ఇవాళ దర్జాగా కుర్చీలో కూర్చున్నాను.

కొట్టువాడు వంగి, "ఎడమ కాలు కూడా చాపండి సార్" అన్నాడు. సారెవరా అని వెనక్కి చూశాను. ఎవరూ లేరు!

"మీ ఎడమ పాదం పెద్దది సార్" అని, దానికి సరిపడే జోడు తెచ్చాడు. కుడి బూటులో కాస్త దూది కూరాడు.

నేను బయటికి నడిచొస్తుంటే మా ఆవిడ వెర్లీన్ నోరు నొక్కుకుంది.

"ఏమయ్యా, నీ కుంటుడు ఏదీ?"

"కొట్టులోనే వదిలేశానే!"

ఇద్దరం నడివీధిలో గంతులేశాం. పాస్టరు గారు చూసినా ఆగలేదు.

బూటు తొడిగిన నాటినుంచీ నా కాలే వంకర అనుకున్నాం కదక్కా, ఇరుకు ఎడమ బూటే కుంటించిందన్నమాట!

వెంటనే జవాబు రాయి. "కుంటి తమ్ముడికి" అని మాత్రం మొదలుపెట్టకు.