కాలి నాడి

డాక్టరు చెయ్యి చాపగానే తిప్పయ్య కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ముట్టుకోవద్దు."

పాదం నీలం తిరిగింది. నీళ్లకుండలా చల్లగా ఉంది. పంతొమ్మిది వందల అరవై ఆరు కరువులో, రోడ్డు పనికి కంకర కొడుతూ కూలబడినవాణ్ణి బెళుగుప్పలో బస్సెక్కించి అనంతపురం పెద్దాసుపత్రికి పంపారు.

"తొడలో రక్తనాళం పూడిపోయింది." డాక్టరు నర్సమ్మతో చెప్పాడు. "దాన్ని తెరిచి, లోపల పేరుకున్నది గీకి తీసేయాలి. ఆలస్యమైతే కాలే తీసేయాల్సి వస్తుంది. నాడి ఎంతవరకు వస్తోందో నేను చూడందే కొయ్యలేను."

"నర్సమ్మ చూడనీ. ఆయమ్మ ఎన్నిసార్లు పట్టుకున్నా వద్దనను."

"ఈ కోత కోసేది ఈడ ఈయనొక్కడే పెద్దాయనా. కాలు పోతే ఎట్ల?" నర్సమ్మ బతిమాలింది.

"పోకూడదు. ఒకరి పంచన పడి బతికే రకం కాదు నేను. రెండు కాళ్లూ కావాల."

"మరి సంతకం? ఇంటోళ్లెవరైనా వచ్చినారా?"

"మా ఇంటిది పోయింది. ఇంకెవరూ ల్యా. నేనే పెడతా. ఐదో తరగతి దాకా సదివినా."

డాక్టరు కిటికీ వైపు చూశాడు. పోయిన నెలే బదిలీ మీద వచ్చాడు. రోగులను కసురుతాడని అప్పుడే పేరొచ్చింది. ఈ ముసలాణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు.

పక్క మంచం మీది ఆదెప్ప నవ్వాడు.

"ఏమప్పా, అంత సదువుకున్నాయన కాళ్లు పట్టుకుంటే నీకు పాపమొస్తాదనా? నా కాళ్లు పట్టుకోమను. వచ్చి నెలాయ, నన్ను చూసే దిక్కే ల్యా!"

తిప్పయ్య నవ్వలేదు.

"మత్తిచ్చినాక పట్టుకోమను. అప్పుడు నేనుండను కదా."

అలాగే చేశారు.

మత్తు ఎక్కాక డాక్టరు ఆ పాదాలు పట్టుకున్నాడు. రెండూ. చాలాసేపు.

"రెండో కాలు బాగానే ఉంది కదా సార్," అంది నర్సమ్మ.

ఆయన కత్తి అందుకున్నాడు.

తిప్పయ్య కళ్లు తెరిచేసరికి పాదం వెచ్చబడింది. డాక్టరు మంచానికి దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నర్సమ్మ పాదం మీద వేళ్లు ఆనించి చూసింది.

"కొట్టుకుంటాంది సార్!"

ఆయన ఒక్క అడుగు ముందుకు వేశాడు. కుట్లు లాగుతున్నా లెక్కచేయకుండా తిప్పయ్య కాళ్లు దుప్పట్లోకి ముడుచుకున్నాడు. డాక్టరు ఆగాడు. వెనుదిరిగి వెళ్లిపోయాడు.

ఆదెప్పకు ఒళ్లు మండింది.

"నీ కాలు నిలబెట్టినాడు కదప్పా! ఒక్కసారి ముట్టుకోనిస్తే నీ సొమ్మేం పోతాది? ఏం మనిషివప్పా నువ్వు!"

తిప్పయ్య ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"కన్నతల్లి సస్తే పిడికెడు మన్నెయ్యను రానోడు, ఈ పొద్దు నాడి పేరు చెప్పి నాయన కాళ్లు మొక్కుదామనుకుంటే నేను మొక్కనిస్తానా?"