నూలుపోగంత వంకర

"ఆ పెట్టె చాలదు మేస్త్రీ" అన్నారెవరో వెనకనుంచి.

కరెంటు మేస్త్రి స్టూలు మీదనుంచే తల తిప్పాడు. గుమ్మంలో ఒక పెద్దాయన. చంకలో ఇస్త్రీ చొక్కాల పొట్లం. లాండ్రీకి వచ్చిన బేరం.

"ఎనిమిది లైన్లు, ఎనిమిది స్విచ్చుల పెట్టె. లెక్క సరిపోయిందిగా."

"పన్నెండుది పెట్టు. నాలుగు ఖాళీగా ఉంచు."

"మనుషుల్లేని గదులకు అద్దె కట్టమంటారా?"

"రేపు ఇంకో మిషను కొంటే దాన్నెక్కడ పడుకోబెడతావు?"

ఇస్త్రీ బల్ల దగ్గర అవ్వ కిసుక్కున నవ్వింది. మెయిను ఆపేశారు గనుక పొద్దుటినుంచి ఆమెకూ పనిలేదు. సాయంత్రంలోపు పాత బోర్డు తీసి, కొత్త పెట్టె బిగించి, కరెంటు ఇవ్వాలి.

మేస్త్రి ధ్యాస కొత్త పెట్టె మీద లేదు. గోడమీది పాత బోర్డు మీదే ఉంది. టేకు చెక్క. రెండు వరసల పింగాణీ ఫ్యూజులు. నున్నగా దువ్విన జుట్టులా దిగిన తీగలు. ఒకటి ఇంకొకదాని మీదికి ఎక్కలేదు. ప్రతి తీగ చివరా జానెడు మిగులు, తరవాత మార్చేవాడు అవస్థ పడకుండా.

చిన్నప్పుడు నాన్న అతన్ని సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని అప్పుడప్పుడు ఇక్కడికి తీసుకొచ్చేవాడు. గంజి వాసన, వెచ్చటి ఆవిరి, ఈ బోర్డు.

"చూసి నేర్చుకో" అనేవాడు. అంతకుమించి మాట్లాడేవాడు కాదు.

ముప్పై ఏళ్లుగా మేస్త్రి ఏ ఇంట్లో తీగ లాగినా దీన్ని తలుచుకునే లాగాడు. చివరికి ఊడదీసే పనీ తన చేతికే వచ్చింది. పొద్దుటినుంచి స్క్రూడ్రైవరు తీయడం, మళ్లీ జేబులో పెట్టుకోవడం.

"మెల్లగా దించు" అన్నాడు పెద్దాయన దగ్గరికొచ్చి.

"మీరు చెప్పాలా? మా నాన్న బిగించిన బోర్డండీ ఇది."

"మీ నాన్నా?"

"ఆ. లైసెన్సు వచ్చాక మొదటి పెద్ద పని. కరెంటాఫీసులో ఒక ఇన్‌స్పెక్టరు ఉండేవాడట. వంకర కొలవడానికి ఎప్పుడూ జేబులో రసమట్టం. ఆ పేరే స్థిరపడింది. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. ఈ బోర్డును మూడుసార్లు ఊడదీయించాడు."

"మూడుసార్లేనా?"

"చాలవా? ఆ పేరెత్తితే నాన్నకు ముద్ద దిగేది కాదు. పోయేదాకా తిట్టుకున్నాడు."

"పోయేదాకా గుర్తుపెట్టుకున్నాడన్నమాట."

పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని బోర్డుకేసి చాలాసేపు చూశాడు.

"బాగానే ఉంది గానీ, కింది వరసలో ఆ మూడో ఫ్యూజు వంకరగా ఉంది. నూలుపోగంత."

మేస్త్రి స్టూలు దిగాడు.

"చొక్కాలు తీసుకున్నారుగా పెద్దాయనా? ఇక దయచేయండి. బతికున్నన్నాళ్లూ ఆ రసమట్టంగాడి పోరు. పోయాక మీ పోరు కూడానా మా నాన్నకి?"

"తప్పుపట్టి కాదయ్యా..."

"నలభై ఏళ్లు ఒక్క నిప్పురవ్వ రాలని బోర్డు ఇది. వంకలు పెట్టడానికేం, నోరుంటే చాలు. చేసి చూపించమంటే తెలుస్తుంది."

పెద్దాయన పొట్లం సర్దుకున్నాడు. అవ్వకేసి తల ఊపి, బోర్డును ఇంకొకసారి చూసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మేస్త్రికి ఉక్రోషం చల్లారలేదు. సంచిలోంచి తన రసమట్టం తీసి, స్టూలెక్కి, మూడో ఫ్యూజు మీద ఆనించాడు.

బుడగ గీత దాటి ఒక పిసరు పక్కకు జరిగి నిలబడింది.

తీసి మళ్లీ పెట్టాడు. అంతే.

"ఎవరవ్వా ఆయన? అద్దాలు తుడుచుకుంటే గానీ ఆనని కంటితో ఇదెలా కనిపెట్టాడు?"

"కొత్తగా కనిపెట్టేదేముంది నాయనా. నలభై ఏళ్లుగా ప్రతి శనివారం రెండు చొక్కాలు చంకన పెట్టుకొచ్చి ఆ వంకరే చూసి పోతాడు. మీ నాన్న తిట్టిన రసమట్టం ఆయనే."

మేస్త్రి గుమ్మం దాకా పరుగెత్తాడు. వీధి మలుపు దాకా ఎవరూ లేరు.

"మళ్లీ శనివారం వస్తాడుగా?"

"ఇంకెక్కడి శనివారం? ఇల్లు ఖాళీ చేసి తమ్ముడి దగ్గరికి పోతున్నాడు. బస్సుకు టైమైంది. బోర్డు తీసేస్తున్నారని నేనే కబురుపెట్టా."

"అన్ని తిట్లూ నిలబడి విన్నాడు. ఒక్క మాటైనా ఎదురు చెప్పలేదేం?"

అవ్వ చల్లారిన ఇస్త్రీపెట్టెను పక్కకు జరిపింది.

"ఏం చెప్తాడు? నోరు విప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నదే ఆయన. ఆ తరవాత నెలకో రెణ్ణెల్లకో మీ నాన్నా వచ్చి, బోర్డు చూసి, అదే ఒట్టు వేయించుకున్నాడు. ఇద్దరికీ విడివిడిగా వేశా. బోర్డే పోతోంది, ఇంకా ఎన్నాళ్లు మొయ్యను?"

"ఏంటవ్వా అది?"

"మూడోసారి ఊడదీశాక మీ నాన్న టైఫాయిడుతో మంచం పట్టాడు. గడువు దాటితే లైసెన్సు పోతుంది. అప్పుడాయన ఆఫీసుకు రెండ్రోజులు సెలవు పెట్టి వచ్చి, చొక్కా విప్పి ఆ మేకుకు తగిలించాడు. పని చూసి పాసు చేయడానికి వేరే ఆఫీసర్ని పంపాడు. కాగితాల మీద మీ నాన్న పేరే ఉంచాడు. కానీ ఈ బోర్డు బిగించిన చేతులు ఆయనవి నాయనా."