పది గంటల సైరన్

సమ్మె చేసి సాధించుకున్న ఎనిమిది గంటల పని మిర్యాలగూడ రైసుమిల్లులో ఆ రోజే మొదలైంది. రాత్రి పదికి సైరన్ మోగాలి, ఆడకూలీలు ఇళ్లకు పోవాలి. పది దాటినా మోగలేదు.

“ఇంకో ట్యాంకు వడ్లు దించి పోండ్రి. గడియారం సూడ రానోళ్లకు సైరన్ గావాల్నట,” అన్నాడు మేస్త్రీ గోపాల్, సైరన్ గది తాళంచెవి ఊపుతూ.

“మా యాడితోని గిట్లనే అన్నవ్. ఇగ మాతోని సాగదు,” అంది రంగి.

ఆమె యాడి, అంటే తల్లి, సుక్కి కాలంలో వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్లు లేవు. ఉడకబెట్టిన, పొగలు కక్కే వడ్లను కాళ్లతో తిరగేస్తూ, రాత్రీ పగలూ తేడా లేకుండా తిరిగి తిరిగి, సుక్కి మిల్లు ముందరి సిమెంటు కళ్లంలోనే కూలి చనిపోయింది.

ఆ కళ్లం ఇప్పుడు ఖాళీ. అయినా చీకట్లో అక్కడ ఎవరో వడ్లలో కాళ్లు ఈడుస్తూ నడుస్తున్న చప్పుడు. సర్... సర్... అది మెల్లగా సైరన్ గది దాకా వచ్చి ఆగింది.

సైరన్ ఊరంతా వినబడేలా మోగింది. గదికి వేసిన తాళం వేసినట్టే ఉంది.

గోపాల్ తన చేతిలోని తాళంచెవి వంక చూసుకున్నాడు. ఆడవాళ్లు నవ్వుకుంటూ గేటు దాటారు. రంగి మాత్రం గేటు తలుపు పట్టుకుని చీకట్లోకి చూసింది.

“దా యాడీ, డ్యూటీ అయిపోయింది.”

కాళ్ల చప్పుడు ఆమెను దాటి రోడ్డెక్కింది.