ఇల్లు చూసుకునే మనిషి

హార్స్లీ కొండ మీది బంగళాల సొంతదారులంతా మద్రాసువాళ్లే. ఏటా మే నెలలో చల్లదనానికి వస్తారు. 1942లో మాత్రం ఏప్రిల్ మొదట్లోనే రుబ్బురోళ్లు, కుట్టుమిషన్లు, దేవుడి పటాలు వేసుకుని వచ్చేశారు. జపానువాళ్లు బాంబులు వేస్తారని మద్రాసులో వీధులకు వీధులు ఖాళీ అయిపోయాయట.

ఆ మాట విన్నప్పటినుంచి, ఒక బంగళాకు కాపలా ఉండే గంగులమ్మ కొండదారి వైపే చూస్తోంది. ఆమె కూతురు రెడ్డెమ్మ మద్రాసులో ఆ బంగళా అమ్మగారింట్లోనే పనిచేస్తోంది.

సాయంత్రానికి అమ్మగారి కారు వచ్చింది. పిల్లలు దిగారు. ఊరగాయ జాడీలు దిగాయి. పెంపుడు కుక్క కూడా దిగింది. గంగులమ్మ కారులోకి తొంగి చూసింది.

"రెడ్డెమ్మ యాడమ్మా? వెనక బండిలో వస్తాండాదా?"

"కుక్క ఎండకు సోలిపోయింది. ముందు దానికి నీళ్లు పెట్టు గంగులూ."

గంగులమ్మ కదలలేదు. "నా బిడ్డ యాడుండాదమ్మా?"

"ఇంట్లోనే ఉంది. భయపడకు. బాంబులు పడితే హార్బరు మీద పడతాయి గానీ, మన వీధిలో ఎందుకు పడతాయి?"

"మరి మీరెందుకు వచ్చేసినారమ్మా?"

అమ్మగారు చూపు తిప్పుకుంది. "అంత ఇల్లు ఊరికే వదిలేసి వస్తామా? చూసుకునే మనిషి ఒకరుండాలి గదా."

గంగులమ్మ బొడ్లో దోపుకున్న బంగళా తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఈ ఇల్లు మీరే చూసుకోండమ్మా."

ఎదురొచ్చే ప్రతి కారులోకీ తొంగి చూస్తూ, మద్రాసు రైలు కోసం కురబలకోట స్టేషను వైపు కొండ దిగసాగింది.