అసలు ప్లాన్ ప్రకారం

“సోలార్ పలకలు ఇంటి వెనక్కి జరపమన్నారు, జరిపాను. వాన నీటి ట్యాంకు కనబడకూడదన్నారు, భూమిలోకి దింపాను. ఇంకేం చెయ్యమంటారు?” అన్నాడు వెండెల్ హాస్కిన్స్.

ప్రెయిరీ గ్లెన్ పేట వారసత్వ కమిటీ ముందు అతను నిలబడటం ఇది అయిదోసారి. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఒక చెయ్యి కర్ర మీద, ఇంకో చెయ్యి బల్ల మీద పరిచిన కొత్త ప్లాన్ మీద.

కాన్సాస్‌లో వసంతం వచ్చాక సుడిగాలి రాకుండా ఉంటుందా? పోయిన ఏడాది వచ్చింది. వీధి వీధంతా వదిలేసి, పగబట్టినట్టు వెండెల్ ఇంటినే ఎత్తుకుపోయింది. అతని భార్య ఐలీన్ ప్రాణాలతో బయటపడింది కానీ నడుం కింద కదలిక పోయింది. అప్పట్నుంచీ పన్నెండు మైళ్ళ అవతల నర్సింగ్ హోమ్‌లో, చక్రాల కుర్చీలో ఉంటోంది. వెళ్ళినప్పుడల్లా ఒకటే ప్రశ్న. “ఇంటికెప్పుడు?”

ఆ పేటలో ఉన్నవన్నీ 1961 నాటి ర్యాంచ్ ఇళ్ళే. పొడుగ్గా, నేలకి అణిగి, ఒకే అంతస్తులో ఉంటాయి. అక్కడ పడిపోయిన ఇల్లు మళ్ళీ లేస్తే అచ్చం పాతదానిలాగే లేవాలి. కరెంటు బిల్లు రాని ఇల్లు కట్టుకో, ఎవరొద్దన్నారు? వీధిలోంచి చూస్తే మాత్రం పాత ఇల్లే కనబడాలి.

తంటా అంతా హాల్‌తోనే వచ్చింది. ముందు గోడంతా అద్దం. లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మూడు మెట్ల లోతున, సోఫాలు వేసుకునే గుంత. అది దిగి ఎక్కితేగానీ పడగ్గదికి దారి లేదు. అద్దంలోంచి వీధికి కనబడుతుంది కాబట్టి ఆ గుంత మీద కూడా పెత్తనం కమిటీదే.

“దాన్ని పూడ్చేస్తే చక్రాల కుర్చీ తిన్నగా పడగ్గదిలోకి పోతుంది. నేనడిగేది అంతే,” అన్నాడు వెండెల్.

అధ్యక్షురాలు మిసెస్ ప్రూయిట్ కళ్ళజోడు సర్దుకుంది. “ఈ పేటకి ప్రాణమే ఆ గుంతలండీ. ఆర్కిటెక్ట్ ఎంతో ఆలోచించి పెట్టినవి.”

“ఏం ఆలోచించాడు, నా మొహం. ఇరవయ్యారేళ్ళ కుర్రాడు. పార్టీలప్పుడు ఆడపిల్లలు మెట్ల మీద కూర్చుంటే చూడముచ్చటగా ఉంటుందని పెట్టాడు. ముసలితనం అనేది ఒకటుందని వాడికి తెలిస్తే కదా.”

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

“అంత తేలిగ్గా తీసిపారెయ్యకండి,” అన్నాడు డెంటిస్ట్ గార్నర్, కమిటీలో పెద్ద నోరున్న సభ్యుడు. “మాకు కళాకారుడి మొదటి ఊహ ముఖ్యం. తర్వాత ఎవరి మనసు ఎలా మారినా మాకు పనిలేదు.”

“పోనీ, గుంత మీద చెక్కలు పరుచుకుంటాను. ఎప్పుడంటే అప్పుడు తీసెయ్యొచ్చు.”

“వీధిలోకి కనబడతాయి.”

“అద్దానికి తెర వేసుకుంటాను.”

“అసలు ప్లాన్‌లో తెర లేదండీ,” అంది మిసెస్ ప్రూయిట్, మెత్తగానే.

వెండెల్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. నలుగురిలో ఏడవడం అతనికి చేతకాదు. కుర్చీలో కూలబడ్డాడు.

“తను అక్కడే పోతుందండీ,” అన్నాడు. “ఇంటికి తీసుకెళ్తానని మాటిచ్చాను.”

గార్నర్ మంచినీళ్ళు తాగాడు. తర్వాత చేతులెత్తారు. ఒకరు సరేనన్నారు, నలుగురు కాదన్నారు.

వెండెల్ కర్ర వదలకుండా ఒంటిచేత్తో ప్లాన్ చుట్టబోతే, చుట్టిందల్లా విడిపోతోంది. అది చూసి మిసెస్ ప్రూయిట్ గబగబా వేదిక దిగి వచ్చింది. మనిషి మంచిదే పాపం. ప్లాన్ తనే చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసింది. ఆ తర్వాత చంకలోంచి పసుపెక్కిన కాగితం ఒకటి తీసి అతని ముందు పరిచి, చేతికి పెన్ను అందించింది.

“ఏమీ అనుకోకండి సార్, ఫ్రేము కట్టించి ఈ హాల్లో పెట్టుకుంటాం, అప్పట్లో మీరు గీసిన ఈ అసలు ప్లాన్ కింద ఒక్క సంతకం పెడతారా?”