పంపని డిజైను

ఇంట్లో భార్య మహాలక్ష్మి గీసే డిజైన్లు మార్కాపురం శివారులోని తన పలకరాయి షెడ్డుకు నేరుగా చేరాలని ఉమామహేశ్వర్లు సొంతంగా సర్వర్ పెట్టుకున్నాడు. పాస్‌వర్డ్ వాళ్లిద్దరికే తెలుసు.

చీకటి పడింది. పనివాళ్లు వెళ్లిపోయారు. చెక్కే మిషన్ ఆపాక కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడొక్కటే మిగిలింది. అంతలో కొత్త ఫైలు వచ్చింది. తెరిచాడు. సమాధి రాయి. పైన తన ఫొటో, దాని కింద తన పేరు. మిగతాది చూడకుండానే ఫోన్ చేశాడు.

“నా పేరుతో సమాధి రాయి పంపినావేందే?”



“అప్పుడే ఎట్ల వచ్చిందండీ?” అంది మహాలక్ష్మి మెల్లగా. “నేనింకా పంపలేదే. చనిపోయిన తేదీ కాడ ఆగినా.”

అతను ఫైలును కిందికి జరిపాడు. తేదీ ఉంది. ఈ రోజుదే.